పసుపు ధర కల్లంలోనే తేలుతుంది

పుల్లతో గుచ్చితే కొమ్ములోకి సులువుగా దిగాలి. అప్పుడే పసుపు సరిగా ఉడికినట్టు. తొందరపడి దించితే కొమ్ము పెళుసవుతుంది, మరీ ఉడికితే రంగు చెడుతుంది. ఆ తరవాత పది పదిహేను రోజుల ఎండ, ఆపైన మెరుగు పట్టడం. దాదాపు అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే దక్కేది ఒక్క క్వింటాలు. అది కల్లంలో ఉండగా అకాల వర్షం పడిందా, ఎనిమిది తొమ్మిది నెలల సేద్యానికి బూజు పట్టినట్టే.

నిజామాబాద్ రైతులు అడగవలసిన తీరులన్నిటా అడిగారు. పసుపు బోర్డు, మద్దతు ధర కావాలంటూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు పోటీకి దిగారు. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల పసుపు ఎగుమతి లక్ష్యమని కేంద్రం చెబుతోంది. మంచిదే. అయితే ఆ ఎగుమతి సరుకు తయారయ్యేది కార్యాలయంలో కాదు, ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి పొలాల పక్కన. అక్కడ ఇప్పటికీ ఎందరో రైతులు మట్టి నేల మీదే పసుపు ఆరబోస్తున్నారు, మబ్బు పట్టగానే టార్పాలిన్ల కోసం పరుగులు తీస్తున్నారు.

సిమెంటు కల్లం గొప్ప సాంకేతికత ఏమీ కాదు. అలాంటి కల్లాలకు ఉపాధి హామీ డబ్బు వాడారని, దాదాపు 150 కోట్ల రూపాయలు తిరిగి కట్టాలని 2022లో కేంద్రం తెలంగాణను అడిగింది. నిబంధన ఎవరి పక్షాన ఉందన్న వాదన ఎలా ఉన్నా, ఆ తగవులో నష్టపోయింది ఆరబోసుకునే చోటు లేని రైతు. ఆ కల్లాల బాధ్యత ఇప్పుడు బోర్డే తలకెత్తుకోవాలని మేము కోరుతున్నాము.

రెండో లోటు మార్కెట్ యార్డులో ఉంది. మందుల, సౌందర్య సాధనాల కంపెనీలు పసుపు కొనేది అందులోని కర్క్యుమిన్ (పసుపుకు రంగు, ఔషధ గుణం ఇచ్చే పదార్థం) శాతాన్ని బట్టి. యార్డులో రైతుకు ధర కట్టేది మాత్రం కొమ్మును విరిచి, రంగు చూసి. తన సరుకులో ఏముందో తెలియని రైతు బేరం ఎలా ఆడగలడు? మెరుగైన ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా బస్తాలు మోసుకుపోయిన రైతులకు ఆ శాతం రాసిన చీటీ ఒకటి చేతిలో ఉంటే ఇంటి దగ్గరే బేరం కుదిరేది. పొడి కొట్టే మిల్లులు, నూనె తీసే యూనిట్లు రావలసిందే. కానీ తడి ఆరని, మట్టి అంటిన కొమ్ముతో ఏ మిల్లూ మంచి పొడి ఇవ్వలేదు.

పసుపు తవ్వకం జనవరిలో మొదలవుతుంది. అప్పటికల్లా పసుపు పండే ప్రతి ఊరికీ ఉమ్మడి కల్లం, ఆవిరితో ఉడికించే యంత్రం, నిజామాబాద్ యార్డులో రైతుకు ఉచితంగా పరీక్ష చేసి పెట్టే ప్రయోగశాల సిద్ధంగా ఉండాలి.