ఆరుగురి ఆట ఒక్కరి ఖాతాలోకి ఎలా వెళ్లింది?

1990 ఇటలీ ప్రపంచకప్‌లో యుగోస్లావియా మొత్తం 8 గోల్స్ కొట్టింది. దావోర్ యోజిచ్ రెండు, సాఫెత్ సుషిచ్ ఒకటి. ఇద్దరూ బోస్నియాలో పుట్టినవారే. మాసిడోనియాకు చెందిన దార్కో పాంచెవ్ రెండు. క్రొయేషియా తండ్రికీ సెర్బియా తల్లికీ జర్మనీలో పుట్టిన రాబర్ట్ ప్రోసినెచ్కి ఒకటి. చివరి రెండూ స్పెయిన్ మీద ద్రాగన్ స్తోయ్‌కోవిచ్ కొట్టాడు. గోల్ కొట్టినవాళ్లలో సెర్బియా గడ్డ మీద పుట్టినవాడు ఆయన ఒక్కడే. కానీ ఫిఫా లెక్కల్లో ఈ 8 గోల్సూ సెర్బియావే.

ఇది కేవలం గణాంకాల గొడవ కాదు. సెర్బియా, క్రొయేషియా, స్లొవేనియా, బోస్నియా, మాసిడోనియా, మాంటెనెగ్రో అనే ఆరు రిపబ్లిక్కుల దేశం యుగోస్లావియా. ఆ ఆరూ కలిసి డెబ్బై ఏళ్లకు పైగా నడిపిన ఒక సంఘం చరిత్రను, ఆ సంఘం కార్యాలయం ఏ ఊళ్లో ఉందో చూసి ఒకే దేశానికి రాసిచ్చేశారు. ఈ పంపకం తప్పు. దాన్ని సరిదిద్దడం ఇప్పటికీ సాధ్యమే.

1990ల మొదట్లో ఆ దేశం యుద్ధాల మధ్య ముక్కలైంది, ఆ కథలోకి ఇక్కడ వెళ్లను. మరిచిపోతున్నది దాని ఫుట్‌బాల్ సంఘం కథ. ఆ సంఘం పుట్టింది సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో కాదు, 1919లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో. మరుసటి ఏడాది ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో జట్టు తొలి మ్యాచ్ ఆడి, చెకోస్లొవేకియా చేతిలో 0-7 తేడాతో చిత్తయింది. 1929లో రాజు అలెగ్జాండర్ రాజ్యాంగాన్ని పక్కనపెట్టి అధికారాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఆ వెంటనే సంఘం కార్యాలయాన్ని జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కు తరలించే గొడవ మొదలైంది. బెల్‌గ్రేడే గెలిచింది. దానికి నిరసనగా క్రొయేషియా ఆటగాళ్లు 1930 తొలి ప్రపంచకప్‌ను బహిష్కరించారు. సెర్బియా క్లబ్బుల ఆటగాళ్లతో, ఫ్రాన్స్‌లో ఆడుతున్న కొందరితో జట్టు ఓడెక్కి ఉరుగ్వే వెళ్లింది. అక్కడ బ్రెజిల్‌ను 2-1తో ఓడించి సెమీఫైనల్ దాకా చేరింది. ఆ ఒక్క టోర్నీ సెర్బియాదని ఎవరైనా అంటే నేను కాదనను. మిగతావాటి సంగతి వేరు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సంఘం నిజంగా అందరిదీ అయింది. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో వరుసగా రజతం, 1960లో రోమ్‌లో స్వర్ణం. 1960, 1968 యూరో కప్పుల్లో ఫైనల్. 1962 ప్రపంచకప్‌లో నాలుగో స్థానం. యుగోస్లావియా తరఫున అత్యధికంగా 85 మ్యాచ్‌లు ఆడిన ద్రాగన్ జాయిచ్ సెర్బియావాడు. అత్యధికంగా 38 గోల్స్ కొట్టిన స్తెపాన్ బోబెక్ జాగ్రెబ్‌లో పుట్టినవాడు. 2021లో అలెక్సాందర్ మిత్రోవిచ్ సెర్బియా ఆల్‌టైమ్ గోల్స్ రికార్డును దాటాడని పత్రికలు పండగ చేసుకున్నాయి. దాటింది ఎవరి రికార్డును? బోబెక్ రికార్డునే. తన పేరును ఏ దేశం రికార్డుల్లో చేర్చాలో చెప్పమని ఎవరూ ఆయనను అడిగింది లేదు.

ఈ కథతో మనకూ ఒక బంధం ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు ఈ యుగోస్లావియా చేతిలోనే 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడిన మ్యాచ్ అది. శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్లున్నారు. ఆ పది గోల్స్‌లో నాలుగు బ్రాంకో జెబెత్స్‌వి, రెండు బెర్నార్డ్ వుకాస్‌వి. ఇద్దరూ జాగ్రెబ్‌వాళ్లే. రహీం ఆ ఓటమిని మరిచిపోలేదు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు అదే యుగోస్లావియాతో సెమీఫైనల్ ఆడింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఆ జట్టు సభ్యుడు. నెవిల్ డిసౌజా ముందుగా గోల్ కొట్టడంతో భారత్ ఆధిక్యంలో నిలిచింది. చివరికి 1-4తో ఓడినా, నాలుగేళ్లలో రహీం తన జట్టును ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చారో ఆ రెండు స్కోర్లు చూస్తే చాలు. రహీం ఎదుర్కొన్నది ఒక్క సెర్బియాను కాదు, పోటాపోటీగా ఆటగాళ్లను తయారుచేస్తున్న ఆరు ప్రాంతాలను. భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగాన్ని సరిగ్గా అంచనా వేయాలన్నా ఎదుటి జట్టు అసలు పేరు చెరిగిపోకుండా ఉండాలి.

ఇక 1990 జూన్ 30. ఫ్లోరెన్స్‌లో క్వార్టర్‌ఫైనల్, ఎదురుగా డిఫెండింగ్ చాంపియన్ అర్జెంటీనా. శిక్షకుడు బోస్నియా రాజధాని సరయేవోకు చెందిన ఇవిత్సా ఒసిమ్. 31వ నిమిషంలోనే రెఫిక్ షబనాజోవిచ్‌ను రెఫరీ బయటికి పంపేశాడు. మిగిలిన పదిమందితోనే అదనపు సమయం కూడా గోల్ ఇవ్వకుండా నెట్టుకొచ్చారు. పెనాల్టీ షూటౌట్‌లో సెర్బియాలోని నీష్‌వాడైన స్తోయ్‌కోవిచ్ కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలింది. ప్రోసినెచ్కి గోల్ చేశాడు. మారడోనా కొట్టిన బంతిని జాగ్రెబ్ గోల్‌కీపర్ తోమిస్లావ్ ఇవ్‌కోవిచ్ ఆపేశాడు. మాంటెనెగ్రోవాడు సావిచెవిచ్ గోల్ కొట్టాడు, మరో మాంటెనెగ్రోవాడు బ్ర్‌నోవిచ్ కొట్టలేకపోయాడు. చివరికి సరయేవోవాడు ఫారూక్ హజిబెగిచ్ బంతిని అర్జెంటీనా గోల్‌కీపర్ గోయ్‌కోచియా ఆపడంతో కథ ముగిసింది. ఆ వరుసలో నిలబడ్డ మనుషులను ఒక్కొక్కరినీ చూడండి. ఏ వాదనతో దీన్ని సెర్బియా ఓటమి అంటారు?

రెండేళ్ల తర్వాత, 1992 మేలో, సరయేవో మీద ఫిరంగులు పేలుతుండగా ఒసిమ్ కన్నీళ్లతో రాజీనామా చేశారు. తన ఊరికోసం తాను చేయగలిగింది ఇదొక్కటేనన్నారు. యూరో కప్ ఆడేందుకు జట్టు అప్పటికే స్వీడన్ చేరింది. మే 30న ఐరాస భద్రతా మండలి 757వ తీర్మానంతో ఆంక్షలు విధించింది. జట్టును వెనక్కి పంపి, అర్హత గ్రూపులో రెండో స్థానంలో ఉన్న డెన్మార్క్‌ను పిలిచారు. ఆ డెన్మార్కే కప్పు గెలిచింది. ఈ ముచ్చట అందరూ చెప్పుకుంటారు. ఆ అర్హత పోటీల్లో 10 గోల్స్ కొట్టిన పాంచెవ్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ సంఘానికి రికార్డులు తిరగరాయడం కొత్తేమీ కాదు. 1986లో లీగ్ చివరి రౌండ్ ఫలితాలన్నీ కుమ్మక్కేనని సంఘం అధ్యక్షుడు స్లావ్కో షాయ్‌బెర్ ఆ మ్యాచ్‌లన్నీ మళ్లీ ఆడమన్నారు. బెల్‌గ్రేడ్ క్లబ్బు పార్టిజాన్ మళ్లీ ఆడనంది. టైటిల్ అదే ఊరి రెడ్‌స్టార్‌కు వెళ్లింది. మరుసటి సీజన్‌లో పది క్లబ్బులకు 6 పాయింట్ల చొప్పున కోత వేశారు. ఆ లెక్కన మాసిడోనియా రాజధాని స్కోప్యే క్లబ్బు వర్దార్ చాంపియన్ అయి, యూరోపియన్ కప్‌లో పోర్టోతో ఆడింది కూడా. తర్వాత కోర్టు మళ్లీ ఆడించిన మ్యాచ్‌ల ఫలితాలనూ ఆ కోతనూ కొట్టేయడంతో రెండు టైటిళ్లూ బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్‌కు చేరాయి. కోర్టు తీర్పును నేను తప్పుపట్టడం లేదు. కానీ యూరప్‌లో చాంపియన్‌గా ఆడివచ్చిన వర్దార్ అభిమానికి తన ఊరి కప్పు కాగితం మీద మరో ఊరికి ఎలా తరలిపోయిందో ఎంత చెప్పినా మింగుడుపడదు.

ఎదుటివారి వాదన కూడా చూద్దాం. సంఘం అప్పులకు, ఒప్పందాలకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, కార్యాలయం బెల్‌గ్రేడ్‌లోనే కొనసాగింది, మిగతావాళ్లు తమంతట తామే వెళ్లిపోయారు అంటారు. క్రొయేషియాకు అసలు ఆ వారసత్వమే అక్కరలేదని, తన సంఘం పుట్టుకను 1912 నుంచే లెక్కిస్తుందని గుర్తుచేస్తారు. నిజమే. అప్పుల బాధ్యత ఒకరికి అప్పగించవచ్చు. అంతమాత్రాన బోబెక్ 38 గోల్స్ కూడా వాళ్లకే రాసివ్వాలా? వాటా వద్దని ఒకరు వెళ్లిపోతే అది పక్కింటివాళ్ల సొంతమైపోదు. పైగా పాంచెవ్, యోజిచ్, హజిబెగిచ్ వాటా వదులుకోలేదు. వాళ్లను అడిగినవాళ్లే లేరు.

అసలు విడ్డూరం ఇక్కడుంది. సెర్బియా, మాంటెనెగ్రో కలిసిన కొత్త యుగోస్లావియా, పాత దేశం సభ్యత్వం తనకే వస్తుందని ఐరాసలో పట్టుబట్టింది. 1992 సెప్టెంబరులో భద్రతా మండలి 777వ తీర్మానంతో కుదరదని తేల్చేసింది. కొత్తగా దరఖాస్తు చేసుకోవాలని చెప్పింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2000 నవంబరు 1న ఆ దేశం కొత్త సభ్యురాలిగానే ఐరాసలో చేరింది. 2001లో వియన్నాలో ఐదు వారసత్వ దేశాలు ఒప్పందం చేసుకుని పాత దేశపు విదేశీ నిధులను పంచుకున్నాయి: కొత్త యుగోస్లావియాకు 38 శాతం, క్రొయేషియాకు 23, స్లొవేనియాకు 16, బోస్నియాకు 15.5, మాసిడోనియాకు 7.5. బ్యాంకుల్లో డబ్బును దశాంశాలతో సహా పంచారు, రాయబార కార్యాలయాల భవనాలనూ పంచారు. ఫుట్‌బాల్ చరిత్ర దగ్గరికొచ్చేసరికి నూటికి నూరు శాతం ఒక్కరికే. ఐరాస ఒప్పుకోని వారసత్వాన్ని ఫిఫా ఎవరినీ అడగకుండా కట్టబెట్టింది.

సోవియట్ యూనియన్ విషయంలోనూ ఇదే జరిగింది. 1960 యూరో ఫైనల్లో యుగోస్లావియాపై సోవియట్ జట్టుకు తొలి గోల్ అందించిన మెత్రెవేలి జార్జియన్. 1988లో యూరో ఫైనల్ చేరిన జట్టుకు వెన్నెముక ఉక్రెయిన్‌లోని కీవ్ క్లబ్బు. రెండూ రష్యా పద్దులోనే ఉన్నాయి. తూర్పు జర్మనీకి మాత్రం విడిగా పేజీ ఉంది. ఆ దేశపు సంఘం 1990 నవంబరులో రద్దయి పశ్చిమ జర్మనీ సంఘంలో కలిసిపోయినా దాని రికార్డులు దాని పేరుతోనే నిలిచాయి. అంటే మూసేసిన పద్దును మూసినట్టే భద్రపరచడం ఫిఫాకు చేతనైన పనే.

ఫిఫా ఎప్పుడూ తనకు రాజకీయాలతో సంబంధం లేదంటుంది. ఐరాసలో సభ్య దేశాలు 193, ఫిఫాలో సభ్య సంఘాలు 211. ఐరాస సభ్యత్వం లేని కొసోవోకు 2016లో చోటిచ్చింది. ఒక జనసమూహం తన జెండాతో మైదానంలోకి రావచ్చా లేదా అని తేల్చే అధికారం జ్యూరిచ్‌లోని ఒక ప్రైవేటు సంస్థ చేతుల్లో ఉంది. 2022 ఆగస్టులో మన జాతీయ సమాఖ్యపైనే బయటివారి జోక్యం పేరుతో వేటువేసి, పదకొండు రోజుల తర్వాత ఎత్తేసింది. బయటివారి జోక్యం అంత పెద్ద నేరమైతే, ఆరు దేశాల ఉమ్మడి జ్ఞాపకాన్ని ఒకే దేశానికి రాసివ్వడాన్ని ఏమనాలి? వీసాల మీద, సరిహద్దుల మీద పార్లమెంట్లలో ప్రశ్నలు అడుగుతారు. ఈ సంస్థ చేసే పనులను ప్రశ్నించే పార్లమెంటు ఎక్కడా లేదు. అసలు జబ్బు ఇదే, యుగోస్లావియా ఉదంతం అందులో ఒక లక్షణం మాత్రమే.

ఇప్పుడు చేయాల్సింది చిన్న పనే. ఫిఫా రికార్డుల్లో సెర్బియా 13 ప్రపంచకప్‌లు ఆడినట్టు కనిపిస్తుంది. అందులో 8 పాత యుగోస్లావియావి, ఒకటి 1998 నాటి కొత్త యుగోస్లావియాది, ఒకటి 2006లో ‘సెర్బియా అండ్ మాంటెనెగ్రో’ది. సెర్బియా పేరుతో ఆడినవి 2010, 2018, 2022 మాత్రమే. ఆ మూడింటిని సెర్బియాకు ఉంచి, మిగతావాటిని ఆనాటి పేర్లతోనే విడి పద్దులుగా చూపాలి. బోబెక్ 38 గోల్స్‌ను యుగోస్లావియా పేజీలోనే ఉంచాలి. బెల్‌గ్రేడ్, జాగ్రెబ్, లుబ్లియానా, సరయేవో, స్కోప్యే, పొడ్గోరిత్సా సంఘాలు ఆరూ సంతకాలు చేసిన ఒక్క లేఖ వెళితే ఫిఫా కాదనలేదు. ఆ లేఖ రాయాల్సిన మొదటి బాధ్యత సెర్బియా సంఘానిది, ఎందుకంటే ఇన్నేళ్లూ మిగతావారి రికార్డులు దాచుకున్నది అదే.