పీస్ స్టేషన్‌లో మొదలైన నొప్పి

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో, కాలువకు ఎదురుగా ఉన్న అరుగు మీద ఈ వాదన జరిగిందనుకోండి. ఒకరు సుబేదారుగా చేసి వచ్చినవారు, మరొకరు సర్కారు ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగా పనిచేసినవారు. వరసకు బావలు. ఇద్దరి మధ్య ఉన్నది ఆ ఊరి కుర్రవాడి కాగితం. అతను ఫిరంగి దళంలో 17 ఏళ్లు చేసి 2022లో ఇంటికి వచ్చాడు. నడుములో డిస్కు జారిందని, వైకల్యం 20 శాతమని, అది జీవితాంతం ఉంటుందని మెడికల్ బోర్డే తేల్చింది. ఆ కిందనే, ఇది సైనిక సేవ వల్ల కలిగినది కాదు, సేవ వల్ల ముదిరినదీ కాదు అని రాసి వికలాంగ పింఛను నిరాకరించారు. కాగితం మూడేళ్లు ట్రంకు పెట్టెలో ఉంది. అప్పీలుకు వెళ్లాలా, వదిలెయ్యాలా అన్నది ప్రశ్న.

డాక్టరు: బావగారూ, వాడి నొప్పి అబద్ధమని నేను అనను. కాని వెన్నుపూసల మధ్య డిస్కు వయసుతో పాటు ఎండిపోతుంది. నడివయసు వాళ్లకు ఎమ్మారై తీస్తే, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి అరుగుదల కనిపిస్తుంది. దాన్ని తెచ్చి సైన్యం నెత్తిన పెట్టమంటారా?

సుబేదారు: ఆ మాట బోర్డు రాసి ఉంటే నేను సగం ఒప్పుకునేవాణ్ణి. వాళ్లు ఏం రాశారో చూడండి. కారణం రాయవలసిన గడిలో ఉన్నది ఒక్కటే వాక్యం: వ్యాధి పీస్ స్టేషన్‌లో మొదలైంది. అంటే సరిహద్దుకు దూరంగా, ప్రశాంతంగా ఉండే కంటోన్మెంటులో అని. అంతకుముందు వాడు రెండున్నరేళ్లు సరిహద్దు కొండల మీద ఉన్నాడు. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ఒక్కొక్కటి 40 కిలోల పైమాటే. దాన్ని పొట్టకు ఆనించుకుని ఎత్తాలి, నడుము తిప్పి అందించాలి, మంచులో కాలు జారకుండా నిలబడాలి. అక్కడ నొప్పి వస్తే నర్సింగ్ అసిస్టెంటు ఒక మాత్ర ఇస్తాడు, కుర్రవాడు మళ్లీ గన్ దగ్గరికి పోతాడు. సిక్ రిపోర్టు చేస్తే మెడికల్ కేటగిరీ తగ్గిపోతుంది, తగ్గితే ప్రమోషను పోతుంది, కనుక ఎవడూ చెప్పడు. పీస్ స్టేషన్‌కు దిగాక పెద్దాసుపత్రి ఉంటుంది, స్కానింగు ఉంటుంది, నొప్పి అప్పుడు కాగితం ఎక్కుతుంది. కాగితం ఎక్కిన ఊరినే నొప్పి పుట్టిన ఊరంటే ఎలా బావగారూ?

డాక్టరు: చెప్పుకోలేదు కనుక రికార్డు లేదు, రికార్డు లేదు కనుక నమ్మండి అంటున్నారు. ఇలాగైతే ఎవరైనా అడగవచ్చు. సరే, బరువుల మాటే తీసుకుందాం. మన రైస్ మిల్లు దగ్గర జట్టు కూలీ 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీద వేసుకుని బల్ల ఎక్కుతాడు. దాళ్వా నాట్లలో ఆడవాళ్లు పొద్దుటి నుంచి వంగిన నడుము ఎత్తకుండా బురదలో వెనక్కి వెనక్కి నడుస్తారు. నలభై ఏళ్లకే వాళ్ల నడుములు ఏ స్థితిలో ఉంటాయో చూసినవాణ్ణి నేను. వాళ్లకు ఏ బోర్డు ఉంది, ఏ అప్పీలు ఉంది?

(ఈ మాటకు సుబేదారు గారి దగ్గర పూర్తి జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

సుబేదారు: వాళ్లకు లేకపోవడం అన్యాయమే. ఆ అన్యాయాన్ని చూపించి వీడికి ఉన్న హక్కును కొట్టెయ్యడం మాత్రం న్యాయం కాదు.

డాక్టరు: వికలాంగులకు శాతం వేసి సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరంలో ఆరేళ్లు కూర్చున్నాను నేను. ఒక్క శాతం పెంచమని ఎవరెవరి చేత ఫోన్లు చేయించేవారో నాకు తెలుసు.

సుబేదారు: మీ శిబిరానికీ దీనికీ పోలికేమిటండీ? అక్కడ అడిగేవాడి వెనక నాయకుడు ఉన్నాడు. ఇక్కడ శాతం వేసినదీ బోర్డే, కాదన్నదీ బోర్డే. వీడి కోసం ఫోను చేసినవాడెవడు?

డాక్టరు: అందరినీ ఒకే గాట కట్టలేదు లెండి. ఇంకొకటి చెప్పండి. 20 శాతాన్ని 50గా లెక్కకడతారట కదా, అది ఏ లెక్కండీ?

సుబేదారు: బోర్డుకూ బోర్డుకూ శాతాలు మారుతున్నాయని తెచ్చిన పద్ధతి అది. వైకల్యం వల్ల మధ్యలో పంపించేసినవారికి 1996 నుంచి ఇచ్చారు. కాలం పూర్తిచేసి వచ్చినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, 50కి అందులో సగం. దానితో ఎవరూ మేడలు కట్టరు.

డాక్టరు: అంతకంటే గట్టి చిక్కు ఉంది. భర్తీ నాడు వైద్యుడు ఛాతీ కొలుస్తాడు, కళ్లు చూస్తాడు, వంగి లేవమంటాడు. ఎమ్మారై తియ్యడు. లోపల లోపం ఉన్నా దొరకదు. భర్తీ కాగితంలో ఏమీ లేదు కనుక వ్యాధి సేవలోనే వచ్చిందనడం వైద్యశాస్త్రం ఒప్పుకునే మాట కాదు.

సుబేదారు: ఇదిగో, నేను ఎదురుచూస్తున్న మాట ఇదే. 1982 నాటి వికలాంగ పింఛను నిబంధనలు రాసినవారికి కూడా ఈ అనుమానం వచ్చింది. భర్తీ నాడు నమోదు కాని వ్యాధి సేవలో వచ్చినట్టే భావించాలన్నారు. ఆ పరీక్షలో అది దొరికే అవకాశం లేదని వైద్యులు భావిస్తే మినహాయింపు కూడా ఇచ్చారు, అయితే ఎందుకు దొరకదో కారణం రాసి తీరాలన్నారు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఆ కారణాన్నే. రుజువు చేసుకోవలసిన బరువు సైనికుడి మీద లేదని, అనుమానం ఉంటే దాని ఫలం అతనికే దక్కాలని అన్నది. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నిబంధనలు వీడికి వర్తించవు, వీడు బయటికి వచ్చింది అంతకు ముందు. వీడు వచ్చేది 2008 నిబంధనల కిందికి. సేవలో వచ్చినట్టే భావించాలన్న మాట వాటిలో తీసేశారు, భర్తీ పరీక్షలో అన్నీ దొరకవన్న మీ మాటా రాశారు, నిజమే. కాని మామూలుగా రుజువు చేసుకోమని సైనికుణ్ణి అడగకూడదన్నది వాటిలోనూ ఉంది. మీరు ఇప్పుడు నోటితో చెప్పిన పాటి కారణం కూడా ఆ కాగితంలో లేదు. నా తగవు డిస్కుతో కాదు, ఆ ఖాళీ గడితో.

డాక్టరు: తొలి అప్పీలుకు ఆరు నెలలే గడువు కదా. మూడేళ్లు నిద్రపోయినవాడి మాట ఎవరు వింటారు?

సుబేదారు: నిద్రపోవడం తప్పే, నష్టమూ వాడిదే. అయితే నెలనెలా రావలసిన పింఛను రాకపోతే నష్టం కూడా నెలనెలా కొత్తగా పుడుతున్నట్టే లెక్క. తర్సేమ్ సింగ్ అనే సైనికుణ్ణి 1983లో పంపించేస్తే, ఆయన 1999లో హైకోర్టుకు వెళ్లాడు. సుప్రీంకోర్టు 2008లో పింఛను కాదనలేదు, బకాయిని మాత్రం దావాకు ముందు మూడేళ్లకు పరిమితం చేసింది. అంటే ఇకనుంచి ఆలస్యం చేసిన కొద్దీ వీడి బకాయి కాలవలో కలుస్తుంది. ముందు ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ అప్పీలు పంపిస్తాం. కాదంటే రెండో అప్పీలు. ఆరు నెలలు పలక్కపోయినా, మళ్లీ కాదన్నా, చెన్నైలో ఉన్న సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచికి పోతాం. మనం దాని కిందికే వస్తాం.

డాక్టరు: ఆ ఎమ్మారై ఫిల్ము రేపు పొద్దున పంపించండి. చూసి రాస్తాను. కాని ముందే చెబుతున్నాను బావగారూ, అది పుట్టుకతో వచ్చిన లోపమని కనిపిస్తే అదే రాస్తాను.

సుబేదారు: రాయండి, ఎందుకనుకున్నారో కూడా రాయండి. బోర్డు ఆ పని చేసి ఉంటే నేను ఈ అరుగు ఎక్కేవాణ్ణే కాదు.