కుర్చీలో కూర్చుని మునిగిపోవడం ఎలా

నాకు టెన్షన్ ఎక్కువ. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాను, లిఫ్ట్ ఎక్కగానే ఇది మధ్యలో ఆగిపోతే ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో లెక్క వేసుకుంటాను, అర్ధరాత్రి ఫోన్ మోగితే అది ఎత్తేలోపు నలుగురు బంధువుల గురించి ఏడ్చేసి ఉంటాను. ఇది చూడలేక మా తమ్ముడు ఒక వాచీ కొనిచ్చాడు, గుండె ఎంత కొట్టుకుంటోందో చూపించే రకం. దాంతో అదొక కొత్త టెన్షన్ మొదలైంది.

"అక్కా, నువ్వు ధ్యానం చెయ్యవు, నడకకి వెళ్ళవు. కనీసం గేమ్ ఆడు. సముద్రంలో ఊరికే ఈదే ఆట ఒకటుంది, మనసు హాయిగా ఉంటుంది" అన్నాడు ఒకరోజు. పేరు కూడా చెప్పాడు కానీ నేను సరిగ్గా వినలేదు. సముద్రం, చేపలు, ఈత అని వెతికితే వచ్చిన మొదటిది డౌన్‌లోడ్ చేసేశాను.

అది సబ్‌నాటికా.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, 2018లో పూర్తి రూపంలో వచ్చిన ఆట ఇది, ఏదో గ్రహం మీద అంతరిక్ష నౌక కూలిపోతుంది, చుట్టూ సముద్రం, మనం ఒక్కళ్ళమే. సిలిండర్ లేకుండా మొదట మనకుండే ఊపిరి 45 సెకన్లు. అది అయిపోవస్తుంటే ఆక్సిజన్ సంగతి చూసుకో అని ఒక గొంతు హెచ్చరిస్తుంది, ఏమాత్రం కంగారు లేకుండా, కరెంటు బిల్లు గడువు దగ్గరపడిందని చెప్పినట్టు. ఇది చాలదని రీపర్ లెవయథన్ అని ఒక జీవి, అది కనబడకముందే దాని అరుపు వినబడుతుంది. వారం రోజులు ఆడాను. అప్పటిదాకా వెలుగులో పడుకునే అలవాటు లేదు నాకు.

తమ్ముడికి చెబితే ఫోన్‌లో పడీ పడీ నవ్వాడు. "నేను చెప్పింది అది కాదక్కా, అబ్జూ!"

సరే, అబ్జూ పెట్టాను. 2016 ఆగస్టు 2న వచ్చింది, జెయింట్ స్క్విడ్ అనే చిన్న స్టూడియో చేసింది, దానికి పెద్ద మ్యాట్ నావా. సంగీతం ఆస్టిన్ వింటరీది, అది మాత్రం నిజంగా బాగుంటుంది, ఆట ఆపేసి కూడా వినొచ్చు. పేరు పాత సుమేరియన్ల మాట, జ్ఞాన సముద్రం అనే అర్థంలో పెట్టారు. ఇందులో మాటలు లేవు, పాయింట్లు లేవు, చావు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆక్సిజన్ మీటర్ లేదు, ఎంతసేపైనా నీళ్ళ కిందే ఉండొచ్చు.

ఇది నా తలకు అర్థమైంది, ఊపిరితిత్తులకు కాలేదు. వారం పాటు 45 సెకన్ల శిక్షణ పొంది ఉన్నాయి కదా. తెర మీద ఆ మనిషి నీళ్ళలోకి దూకగానే నేను ఇక్కడ బుగ్గలు బిగించేసేదాన్ని. పగడాలు, తాబేళ్ళు, గుంపులు గుంపులుగా వెండి చేపలు, అంత అందం కళ్ళ ముందు కదులుతుంటే నేను లోపల ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది అని లెక్కపెడుతున్నాను. నలభై దాటగానే ఆ మనిషిని ఆగమేఘాల మీద నీటి పైకి తీసుకెళ్ళి, తనకి అక్కర్లేకపోయినా తల బయటపెట్టించి, ఇద్దరి తరఫునా నేనే గట్టిగా గాలి పీల్చుకునేదాన్ని. పైకి వెళ్ళే దారే లేని గుహల్లో నా పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. మామూలుగా రెండు గంటల్లో అయిపోయే ఆట, నాకు నాలుగు రోజులైనా సగం కాలేదు.

తెర ముందు ఊపిరి బిగబట్టడం నా ఒక్కదాని జబ్బు కాదులెండి. ఈమెయిళ్ళు చూస్తూ జనం తెలియకుండానే ఊపిరి ఆపేస్తున్నారని గమనించి లిండా స్టోన్ అనే ఆవిడ 2008లోనే దానికి ఈమెయిల్ ఆప్నియా అని పేరు పెట్టింది. తమాషా ఏమిటంటే, నిజంగా సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్ళకి నేర్పే మొదటి సూత్రమే ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు అని. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, అక్కడ నిండుగా పీల్చిన గాలిని అలాగే పట్టుకుని పైకి వస్తే అది వ్యాకోచించి ఊపిరితిత్తులనే చీల్చేయొచ్చు. నేనున్న లోతు కుర్చీ ఎత్తంత, కాబట్టి ఆ ప్రమాదం లేదు. వేరే ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది.

ఐదో రోజు. పెద్ద చేపల్ని పట్టుకుని వాటితోపాటు తిరగొచ్చు ఈ ఆటలో. అలా ఒకదాని వీపు పట్టుకుని పోతుంటే నాకూ కొంచెం హాయిగానే అనిపించింది. అది ఎటు తిరిగితే నేనూ కుర్చీలో అటే ఒరుగుతున్నాను (ఒరగకుండా ఆడేవాళ్ళు ఎలా ఆడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు). ఊపిరి మాత్రం యథాప్రకారం బిగబట్టే ఉంది. కాసేపటికి దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళాను. మనతో పాటు బుల్లి రోబోలు తిరుగుతుంటాయి, ముద్దుగా ఉంటాయి, వాటికి అప్పటికే పేర్లు కూడా పెట్టేశాను. ఉన్నట్టుండి ఎక్కణ్ణుంచో పెద్ద తెల్ల షార్క్ వచ్చి అందులో ఒకదాన్ని గుటుక్కున నోట కరుచుకుంది.

నేను వెనక్కి ఈదాను. అంటే, కుర్చీతో సహా. చక్రాల కుర్చీ అది, దాని దారిన అది పోయింది, నేను నా దారిన టేబుల్ కిందకి వెళ్ళాను.

చేతికున్న వాచీ కొంగు లోపల ఎక్కడో గడగడా వణుకుతోంది. మీరు పడిపోయినట్టున్నారు, బాగానే ఉన్నారా అని అడుగుతోందట. ఒక చేత్తో కంట్రోలర్, రెండో చెయ్యి టేబుల్ కాలికీ వైర్లకీ మధ్య, జవాబు ఏ చేత్తో నొక్కను? నొక్కేలోపే తమ్ముడికి మెసేజ్ వెళ్ళిపోయింది, వెంటనే వాడి ఫోన్. ఎలాగో స్పీకర్ నొక్కాను.

"అక్కా! అక్కా, మాట్లాడు! ఏమైంది?"

మాట్లాడాలంటే గాలి కావాలి. నా దగ్గర లేదు. నలభై సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

ఈలోగా చప్పుడు విని మా అత్తయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. టేబుల్ కింద నుంచి నా కాళ్ళు, ఎర్రగా ఉబ్బిన మొహం, ఫోన్‌లో తమ్ముడి కేకలు.

"ఏమైందమ్మాయ్?"

"షార్క్... అత్తయ్యా..."

"మనింట్లోకా?"

ఫోన్‌లో తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "అక్కా, ఊపిరి పీల్చు. దానికి ఆక్సిజన్ అక్కర్లేదని చెప్పానా!" అన్నాడు. వాడికి వెంటనే అర్థమైపోవడం నాకు ఇంకా అవమానంగా అనిపించింది.

మోచెయ్యి వాచింది. రెండు రోజులు ఆట జోలికి పోలేదు. మూడో రోజు గదిలోకి వెళ్తే అత్తయ్య కంట్రోలర్ పట్టుకుని నా కుర్చీలో కూర్చుని ఉంది. ఆటలో షార్క్ ఆకారంలో రాతి విగ్రహాలుంటాయి, వాటి మీద ధ్యానంలో కూర్చుంటే కెమెరా ఒక్కో చేప వెంట తిరుగుతుంది, మనం ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆవిడ మా పాప చేత ఆటలో మనిషిని అక్కడ ఎక్కించుకుని కూర్చుందట, గంటన్నరగా.

"ఆ చారలది ఉంది చూశావూ, దానికి ఎవరితోనూ పడదు" అంది నన్ను చూసి. "ఇందాక ఆ లావుది వచ్చి చిన్నవాటిని రెండింటిని మింగేసింది. పక్కనున్నవి కనీసం తల తిప్పలేదు."

ఒక్కసారి ఇవ్వండత్తయ్యా, ఆడి ఇచ్చేస్తాను అన్నాను. "ఉండమ్మా, ఇది ఎటు పోతుందో చూడనీ" అంది. పైగా నా వాచీ అడిగి పెట్టుకుంది, అరవై నాలుగు చూపిస్తోంది.

వారం తర్వాత పాప సాయంతో మొదటినుంచి ఆడుకుంటూ షార్క్ దగ్గరికి చేరింది. నేను ముందే వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడ్డాను, జరగబోయేది తెలుసు కాబట్టి. అది వచ్చింది, బుల్లి రోబోని కరుచుకుంది, చీకట్లోకి వెళ్ళిపోయింది.

"పాపం, ఆకలేసినట్టుంది" అంది అత్తయ్య, ముందుకు ఈదుకుంటూ.