చూద్దాంలే అంటే ఏమని రాయాలి?

(మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ ఈసారి జూమ్‌లో జరిగింది. అమెరికాలో ఉన్న ఓనర్ల కోసం ఆదివారం రాత్రి 8 గంటలకు పెట్టారు. గంటా నలభై నిమిషాల రికార్డింగును కొత్త సెక్రటరీ ఏఐకి ఇస్తే రెండు పేజీల మినిట్స్, అంటే మీటింగులో జరిగినదాని రాతపూర్వక రికార్డు, వచ్చాయి. పాత సెక్రటరీ ఒక ప్రభుత్వ రంగ సంస్థలో బోర్డు మినిట్స్ రాసి రిటైరైన పెద్దాయన. ఆయనకిది నచ్చలేదు. మనుషులు కల్పితం, గొడవ కాదు. నా మొగ్గు ఎటో చదివితే తెలిసిపోతుంది, దాచే ఓపిక లేదు.)

పెద్దాయన: ఇదేంటమ్మా, "లిఫ్ట్ పనితీరుపై సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు" అని ఉంది?

సెక్రటరీ: మూడో అంతస్తు ఆంటీ "ఆహా, మన లిఫ్టుకేం, పుష్పక విమానం" అన్నారు కదా అంకుల్. దానికది మెచ్చుకోలనిపించింది. దిద్దేశాను.

పెద్దాయన: ఆవిడ నోరు నీకు తెలుసు కాబట్టి దిద్దావు. మరి ఇది? "సోలార్ ప్యానెళ్ల ప్రతిపాదనను అధ్యక్షులు పరిశీలిస్తారు." ప్రెసిడెంటు అన్నది "చూద్దాంలే". తెలుగువాడు చూద్దాంలే అన్నాడంటే దానికి నీళ్ళొదిలేసినట్టే. ఆ "లే" దానికేం అర్థమవుతుంది?

సెక్రటరీ: మీరైతే ఏమని రాసేవారు?

పెద్దాయన: అసలు రాసేవాణ్ణే కాదు.

సెక్రటరీ: నా బాధ అదే. అడిగినావిడ పేరు, అడిగిన మాట రెండూ గల్లంతు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ అడిగితే "ఎప్పుడన్నారమ్మా, రికార్డులో లేదే" అంటాం.

పెద్దాయన: మినిట్స్ అంటే ముచ్చట్ల పట్టీ కాదమ్మా. కంపెనీల చట్టం 2013 తీసి చూడు, 118వ సెక్షన్. జరిగినదాని సరైన సారాంశం ఉండాలంటుంది కానీ ఎవరెవరు ఏమేం కూశారో రాయమనదు. పరువుకు భంగమయ్యేవి, సందర్భం లేనివి వదిలేసే అధికారం చైర్మన్‌కి ఇచ్చింది. డ్రాఫ్టు 15 రోజుల్లో డైరెక్టర్లకు పంపేవాళ్ళం, పంపిన 7 రోజుల్లో వాళ్ళు అభ్యంతరాలు చెప్పేవారు, 30 రోజుల్లోపల పుస్తకంలోకి ఎక్కేది. పేజీ పేజీకీ చైర్మన్ పొడి సంతకం, చివర పూర్తి సంతకం, తేదీ. అందులో చెయ్యి పెట్టి మార్చినట్టు తేలితే రెండేళ్ల దాకా జైలు. ఒక్క వాక్యం రాయడానికి నేను రాత్రంతా ఆలోచించిన రోజులున్నాయి. నీ మెషిన్‌ని ఏ జైలుకి పంపుతావు?

సెక్రటరీ: మనది సొసైటీ, ఆ చట్టం మనకు రాదు. ఒకవేళ వచ్చినా జైలుకి నేనే వెళ్తాను. డ్రాఫ్టు దానిది, సంతకం నాది. దేశంలో గ్రామసభలకే ఇది వచ్చింది అంకుల్. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టు 14న "సభాసార్" మొదలుపెట్టింది. ముందు త్రిపురలో. సభ వీడియో ఎక్కిస్తే, కేంద్ర ప్రభుత్వపు అనువాద వేదిక భాషిణి సాయంతో మినిట్స్ తయారవుతాయి, తెలుగులో కూడా.

పెద్దాయన: పంచాయతీ కార్యదర్శికి చెత్త బండి నుంచి జనన మరణాల దాకా నలభై పనులు. నీకున్నవి అరవై ఫ్లాట్లు. సరే, మా అబ్బాయి ఒకటి పంపాడు, విను. విస్పర్ అని మాటను అక్షరాల్లోకి దించేది ఉందట కదా. 2024లో వచ్చిన ఓ పరిశోధన ప్రకారం నూటికి ఒకటి చొప్పున ఆడియో ముక్కల్లో, ఎవరూ అనని మాటలు వాక్యాలకు వాక్యాలే పుట్టుకొచ్చాయట. అదీ మాట తడబడి మధ్యలో ఆగిపోయేవాళ్ళ దగ్గర ఎక్కువ. అంటే నాబోటివాళ్ళు. నేను ఊపిరి తీసుకుంటే అది నా నోట్లో మాట పెడుతుంది.

సెక్రటరీ: (కాసేపు ఆగి) అది నిజంగా భయపడాల్సిందే. అందుకే రికార్డింగు పక్కన పెట్టుకుని వింటున్నాను.

పెద్దాయన: దాన్ని చెరిపేస్తామన్నావుగా?

సెక్రటరీ: వచ్చే మీటింగులో ఈ మినిట్స్ ఆమోదం పొందేదాకా ఉంచుతాం.

పెద్దాయన: ఇంకోటి. స్క్రీన్ మీద ఎర్ర చుక్క వెలగ్గానే ఎంతమంది నోరు విప్పారు? మెయింటెనెన్స్ బాకీల గురించి సెల్లార్‌లో అయితే కుండబద్దలు కొట్టేవాళ్ళు. ఆదివారం అందరూ మ్యూట్. మీటింగయ్యాక నాకు నాలుగు ఫోన్లు. అసలు మీటింగు ఆ నాలుగు ఫోన్లలో జరిగింది. దాన్నెవరు రాస్తారు?

సెక్రటరీ: దానికి నా దగ్గర జవాబు లేదు.

(ఇక్కడితో ఆగితే పెద్దాయన గెలిచినట్టే. ఆగలేదు.)

పెద్దాయన: పైగా 402 వాళ్ళ మాటలు ఆరు లైన్లు రాసింది. అద్దెకున్నవాళ్ళవి మినిట్స్‌లో ఎందుకు? ఓటు లేదుగా.

సెక్రటరీ: ట్యాంకర్ నీళ్ళు పోసుకునేది వాళ్ళు. ఓటున్న ఓనరు డాలస్‌లో ఉన్నాడు.

పెద్దాయన: డాలస్‌లో ఉన్నా ఫ్లాటు ఆయనది.

సెక్రటరీ: దురదలు వీళ్ళవి.

పెద్దాయన: నువ్వూ మొదట అద్దెకే వచ్చావుగా!

సెక్రటరీ: వచ్చాను. అందుకే చెప్తున్నా. నిన్న మినిట్స్ పుస్తకం తీశాను అంకుల్. 2022 జులై, పెయింటింగ్ కొటేషన్లు. అప్పటికి ఫ్లాటు కొని రెండు నెలలు. మీ దస్తూరీ ముత్యాల్లా ఉంది. "కూలంకషంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." ఆ రోజు సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, దోమలు. నేను లేచి, మూడు కొటేషన్లలో రెండింటి లెటర్‌హెడ్ మీద ఒకే ఫోన్ నంబరు ఉందని చెప్పాను. కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను కూడా. మీరు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు, తలూపారు. ఎవరో "కొత్తగా వచ్చారు కదా, తెలీదు" అన్నారు, నలుగురు నవ్వారు. పుస్తకంలో ఆ ఫోన్ నంబరు లేదు, నవ్వులు లేవు, నేనూ లేను. ఏకగ్రీవం ఉంది. మీరు డబ్బు తిన్నారని నేను చచ్చినా అనను. పెన్ను మీ చేతిలో ఉంది, మీకు ముఖ్యమనిపించింది మిగిలింది, అంతే. ఈ మెషిన్‌కి వెటకారం తెలీదు, "లే" తెలీదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరు పాతవాళ్ళో ఎవరు కొత్తవాళ్ళో కూడా దానికి తెలీదు. 402 వాళ్ళకి ఆరు లైన్లు దక్కింది అందుకే.

(పెద్దాయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికేం లేదు.)

పెద్దాయన: రాస్తే గొడవయ్యేదమ్మా. పెయింటింగ్ ఆగిపోయేది.

సెక్రటరీ: ఆగాల్సింది.

పెద్దాయన: ... సరే. దిద్దిన డ్రాఫ్టు నాకోసారి చూపించు. భాష నేను చూస్తాను. "వ్యక్తం చేశారు" అని పదకొండు చోట్ల ఉంది, చదవలేకపోతున్నా.

సెక్రటరీ: ఇదిగోండి, పెన్ను.

పెద్దాయన: (రెండో పేజీ చదువుతూ ఆగి) ఇది... వాచ్‌మన్ జీతం దగ్గర నేనన్నది. "ఇంకా పెంచితే నెత్తికెక్కుతారు." ఇది కూడా రాసిందా?

సెక్రటరీ: మీరు అన్నారు అంకుల్. యాభై రెండో నిమిషం. విన్నాను.

పెద్దాయన: ఏదో విసుగులో అన్నా. అతను రేపు ఇది చదివితే... ఈ ఒక్కటీ తీసెయ్ అమ్మా.

సెక్రటరీ: వదిలేసే అధికారం చైర్మన్‌ది అన్నారు కదా. ప్రెసిడెంటు గారిని అడుగుతాను.

పెద్దాయన: ఏమంటాడు?

సెక్రటరీ: చూద్దాంలే అంటారు.