'తగినంత' గారికి బహిరంగ లేఖ

శ్రీయుత తగినంత గారికి,

నమస్కారం. ఏ వంటల పుస్తకం తిరగేసినా, ఏ వంట వీడియో చూసినా ఉప్పు పక్కన కాలు మీద కాలేసుకుని కనిపిస్తారు కాబట్టి మీకు నేను గుర్తుండకపోవచ్చు. నాకు మీరు బాగా గుర్తు. 33వ ఏట మొదటిసారి గరిట పట్టాను. చూపించేవాళ్లు లేక, ఫోన్‌ని డబ్బాకి ఆనించి నేర్చుకున్న ఏకలవ్యుణ్ణి. బొటనవేలు ఏ గురువూ అడగలేదు, ఉల్లిపాయలు కోస్తూ నేనే సమర్పించుకున్నాను.

"ఉప్పు – తగినంత" అని చదివి మొదటిరోజు చాలాసేపు ఆలోచించాను. ఎవరికి తగినంత? కూరకా, నాకా, నా బీపీకా? చివరికి ధైర్యం చేసి వేశాను. ఆ కూరని మూడు రోజులు నీళ్లు కలుపుకుని తిన్నాను. తర్వాతి వారం భయంతో చప్పిడి తిండి. తప్పు నా చేతిదే అనుకున్నాను గానీ మీ మీద అనుమానమే రాలేదు.

మీ బంధువర్గమూ తక్కువేం కాదు. 'సరిపడా' గారు మీ కవల సోదరుడట కదా! 'చిటికెడు' కాస్త నయం, వేళ్లు అందరికీ ఉంటాయి. "ఉల్లిపాయలు 5 నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి" అని రాసిన పెద్దమనిషి మాత్రం మీకు దగ్గరి చుట్టమే అయ్యుండాలి. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు పోయేదాకా ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు. చకచకా ఎర్రబడాలంటే 140 దగ్గరికి వెళ్లాలి. ఆ రంగు వెనక ఉన్న రసాయన చర్య గురించి మయార్ అనే ఫ్రెంచి ఆయన 1912లోనే చెప్పాడు. మీ చుట్టానికి ఇంకా కబురు అందినట్టు లేదు. 5 నిమిషాల్లో ఎర్రబడింది నా మొహం ఒక్కటే.

అలా మూకుడు ముందు నిలబడగా నిలబడగా ఒకటి తెలిసింది. నీళ్లున్నంతసేపు ఉల్లిపాయలు వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు. నీళ్లు ఇగిరాక అది సన్నబడి, ఆగి ఆగి చిటపటమంటుంది. ఆ తేడా వినిపించిన రోజు స్టవ్ దగ్గర్నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ రోజే కాస్త ఉప్పు వేసి, కలిపి, గరిట అరచేతిలోకి వంచి నాకి చూశాను. చప్పగా ఉంది. ఇంకాస్త వేశాను. మూడోసారికి, అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న రుచులన్నీ ఒక్కసారి మాట కలిపాయి.

సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. తమరు కొలతే కాదు! వేయడం, కలపడం, రుచి చూడటం, మళ్లీ వేయడం... ఇంత పని కడుపులో దాచుకుని ఒక్క మాటగా కూర్చున్నారు. వీడియోల వాళ్లు సరేసరి. రుచి చూసే ముక్కని ఎడిటింగ్‌లో లేపేసి, చివర్లో కళ్లు మూసుకుని "మ్‌మ్" అనేది మాత్రం ఉంచుతారు.

మొన్న ఒక స్నేహితుడు, వాడూ ఈ వయసులోనే మొదలుపెట్టాడు, ఆ కూర ఎలా చేయాలో రాసిమ్మన్నాడు. మీ పేరెత్తకూడదని ఒట్టేసుకుని "ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు" అని రాశాను. నాది రాళ్ల ఉప్పు, వాడిది మెత్తటిది. అదే స్పూనులో మెత్తటిది సందుల్లేకుండా సర్దుకుని ఎక్కువ పడుతుంది. రాత్రి ఫోన్ చేసి తిట్టాడు, తగినంత.

మళ్లీ రాసి పంపాను, ఈసారి మీ పేరే పెట్టి. కాకపోతే ముందు ఒక ఇంటిపేరు తగిలించాను. ఇకమీదట నా వంటింట్లో మీరు 'రుచిచూసి తగినంత' గారు.

ఇట్లు,
బొటనవేలికి ప్లాస్టర్‌తో,
మీ బాధితుడు