జెండా అని ఏది పడితే అది పంపేస్తారా?

ఆగస్టు వచ్చిందంటే ఫోన్ తీయాలంటేనే చిరాకు. బరంపురంలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక బొమ్మ. "1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన అసలు జెండా" అని రాశారు. పెద్దది చేసి చూశాను. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నీలం అశోక చక్రం! ఒళ్లు మండిపోయింది. ఆ చక్రం జెండా మీదికి వచ్చింది 1947 జూలై 22న, రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు. బెజవాడలో చూపించింది ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా. తెలుపు కలపమన్నది గాంధీజీ. చక్రం కాదు, రాట్నం ఉండేది. కాషాయం 1931లో వచ్చింది. పైగా పాతగా కనబడాలని బొమ్మంతా టీ మరకల రంగు పులిమారు.

"ఏదైతేనేం బాబూ, దేశభక్తే కదా" అన్నారు ఒక బాబాయి గారు. దేశభక్తి పేరు చెప్పి ఆ పెద్దాయన చేసిన పనినే చెరిపేస్తామా బాబాయ్?

ఇంకోటి "కళింగ యుద్ధం నాటి జెండా" అట. మా జిల్లాలోనే, ఋషికుల్య నది దగ్గర జౌగడలో అశోకుడి శాసనం రాతి మీద ఇప్పటికీ ఉంది. ఉన్నవి బ్రాహ్మీ అక్షరాలు, జెండా కాదు. మరి రెండువేల ఏళ్ల నాటి గుడ్డ ఎవరి పెట్టెలో దొరికింది? ఎక్కడ దాచారో, ఎవరు ఫొటో తీశారో ఒక్క ముక్క రాయరు.

మా అమ్మాయి ఆ బెజవాడ బొమ్మనే చూసి బడికి చార్టు గీసేసింది. రాత్రి పదకొండింటిదాకా పక్కన కూర్చుని చక్రం చెరిపించి, రాట్నం గీయించాను.