నలభై రెండు అడుగుల ముచ్చట

(సియాటిల్. లేక్ యూనియన్ ఒడ్డున పడవలు కట్టేసే చోటు. అమ్మకానికున్న ఓ పాత గ్రాండ్ బ్యాంక్స్ 42 పడవ. దాని వెనక భాగంలో మడత కుర్చీల మీద సుందరరావు, అన్నపూర్ణ. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికొచ్చి రెండు నెలలైంది. ఆయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఆవిడ పుట్టిల్లు తాళ్ళరేవు, తండ్రి పడవలు కట్టిన మనిషి. కొడుకూ, పడవని పరీక్షించే సర్వేయరూ కింద ఇంజను దగ్గరున్నారు. కొనాలా వద్దా అని వీళ్ళిద్దరినీ ఎవరూ అడగలేదు. చర్చకి అదేం అడ్డు కాలేదు.)

అన్నపూర్ణ: ఏవండీ, వీడికి ఇల్లు లేదా, కారు లేదా? నీళ్ళమీద ఈ కాపురం దేనికి?

సుందరరావు: నీకు తెలీదు పూర్ణా, ఇది మామూలు పడవ కాదు. గ్రాండ్ బ్యాంక్స్! 1978లో సింగపూర్‌లో కట్టింది.

అన్నపూర్ణ: బ్యాంకులోంచి డబ్బు తీయిస్తుంది కాబట్టి ఆ పేరా?

సుందరరావు: అబ్బే! కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అవతల సముద్రంలో చేపలకి పేరుపడ్డ చోటది. కాడ్ చేపల కోసం వందల ఏళ్ళుగా అక్కడికి పోయేవాళ్ళు. ఆ వేట పడవల తీరులోనే దీన్నీ కట్టారు. అందుకే ట్రాలర్ అంటారు.

అన్నపూర్ణ: అయితే చేపలు పడతారా దీంతో?

సుందరరావు: పట్టరు. విహారానికి.

అన్నపూర్ణ: మరి ఆ స్తంభం? తెరచాపకేగా?

సుందరరావు: ఆఁ, చిన్న తెరచాప కడతారు. అది నడపడానికి కాదు. అలలకి పడవ అటూ ఇటూ పొర్లకుండా పట్టి ఉంచడానికి.

అన్నపూర్ణ: చేపలు పట్టని వేట పడవ. నడపని తెరచాప. మీ చెల్లెలు కొన్న ట్రెడ్‌మిల్లు ఇంతకంటే నయం, బట్టలైనా ఆరుతున్నాయి.

సుందరరావు: మా చెల్లెల్ని ఎందుకు తెస్తావ్ మధ్యలో? చరిత్ర విను. 1956లో రాబర్ట్ న్యూటన్ అనే ఆయన...

అన్నపూర్ణ: మళ్ళీ న్యూటనే! పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన్ని వదల్లేదు మీరు.

సుందరరావు: ఆ న్యూటన్ వేరు, ఈయన వేరు! ఈయనా, ఇద్దరు కొడుకులూ కలిసి హాంకాంగ్‌లో జంక్ బే ఒడ్డున అమెరికన్ మెరైన్ అని కంపెనీ పెట్టారు.

అన్నపూర్ణ: జంక్ అంటే చెత్త కాదూ? మనవడు చిప్స్ తింటుంటే కోడలు అంటూ ఉంటుంది.

సుందరరావు: జంక్ అంటే చైనావాళ్ళ తెరచాప పడవ! పూర్తిగా చెప్పనీ. మొదట్లో ఎవరు ఏ డిజైన్ తెస్తే అది కట్టి ఇచ్చేవాళ్ళు. మన టైలర్ లాగన్నమాట, కొలతలు ఇస్తే కుడతాడు.

అన్నపూర్ణ: చెప్పిన రోజుకి ఇవ్వడు.

సుందరరావు: అలాకాదు, ప్రతి పడవకీ కొత్త కొలత, కొత్త తంటా. అందుకని 1960లలో కెనెత్ స్మిత్ అనే డిజైనర్ చేత 36 అడుగుల పడవ ఒకటి గీయించారు. స్ప్రే అని పేరు. అది బాగా కుదిరింది. దాంతో టైలరింగ్ మానేసి రెడీమేడ్‌లోకి దిగారు. ఒకటే నమూనా, మళ్ళీ మళ్ళీ అదే. అలా పుట్టిందే గ్రాండ్ బ్యాంక్స్ 36. తర్వాత 32, ఈ 42. ఇవైతే 1,500కి పైగా కట్టారు.

అన్నపూర్ణ: అన్నేళ్ళూ ఒకే నమూనానా? విసుగు పుట్టలేదా కొనేవాళ్ళకి?

సుందరరావు: అదే గొప్ప. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే పోల్చుకోలేవు.

అన్నపూర్ణ: మీ చొక్కాలూ అంతే. నేనెప్పుడూ గొప్ప అనుకోలేదు.

(కిందనుంచి ఇంజను దడదడలాడింది. చెరువంతా బద్ధకంగా కదిలి మళ్ళీ సర్దుకుంది.)

అన్నపూర్ణ: అమ్మో, ఇదేంటి, అచ్చం ఇసక లారీ చప్పుడు!

సుందరరావు: (కొంచెం ఇబ్బందిగా) లారీదే. ఇంగ్లండులో ఫోర్డ్‌వాళ్ళు చేసిన ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. అమెరికాలో లేమన్ కంపెనీ దాన్ని నీళ్ళకి తగ్గట్టు మార్చింది. లారీకైతే ముందు రేడియేటరుంటుంది, గాలికి చల్లబడుతుంది. ఇక్కడ బయటి నీళ్ళు లాగి ఇంజను వేడి తీసి, ఆ నీళ్ళు మళ్ళీ బయటికి వదిలేస్తుంది. 120 గుర్రాల బలం. అలాంటివి రెండు.

అన్నపూర్ణ: 240 గుర్రాలు! ఎంత స్పీడేంటి?

సుందరరావు: ఎనిమిది నాట్లు.

అన్నపూర్ణ: కిలోమీటర్లలో చెప్పండి.

సుందరరావు: గంటకి... పదిహేను.

అన్నపూర్ణ: మన పాలవాడి సైకిలు!

సుందరరావు: (కుర్చీ ముందుకి జరుపుకుంటూ, ఇదీ ఆయన ఎదురుచూసిన ప్రశ్న) అక్కడే ఉంది ఫిజిక్సు. పడవ ముందుకి పోతుంటే ముక్కు దగ్గర ఒక అల లేస్తుందా? వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగు సాగుతుంది. పడవ పొడుగంత అయ్యేసరికి పడవ తన అలలోనే ఇరుక్కుంటుంది. ముందు గట్టెక్కాలి, వెనక గుంట లాగుతుంది. అక్కడ్నుంచి ఎంత డీజిల్ పోసినా అల పెద్దదవుతుందే కానీ వేగం పెద్దగా పెరగదు.

అన్నపూర్ణ: అంటే తను లేపిన గోలలో తనే ఇరుక్కుంటుంది.

సుందరరావు: కరెక్ట్.

అన్నపూర్ణ: మీ రిటైర్మెంట్ ఫంక్షన్ గుర్తొస్తోంది.

(ఆయన ఊరుకున్నాడు. ఆ ఫంక్షన్ గురించి ఊరుకోవడమే మంచిది. ఆవిడ లేచి పడవ పక్కకి వంగి, బయటి గోడని అరచేత్తో నిమిరింది. పలకా పలకా కలిసిన గీతలు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఉన్నాయి.)

అన్నపూర్ణ: ఏవండీ! ఇది చెక్క కాదు!

సుందరరావు: గీతలు కనబడట్లా?

అన్నపూర్ణ: గీతలే కనబడుతున్నాయి. చెక్క ఏది? రెండు పలకల మధ్య దూది కూరి, తారు పెట్టిన చోట వేలికి తెలుస్తుంది. మా నాన్న పడవలు ముట్టుకుని పెరిగాను నేను. ఇది ప్లాస్టిక్!

సుందరరావు: ఫైబర్‌గ్లాస్. మొదట్లో ఫిలిప్పీన్స్ మహాగనితోనే కట్టేవాళ్ళు. 1973లో ఫైబర్‌కి మారారు. కొనేవాళ్ళకి ఆ చెక్క అందం అలవాటైపోయింది కదా, అందుకని అచ్చులోనే పలకల గీతలు గీశారు.

అన్నపూర్ణ: ఓరి నాయనో! రోల్డ్‌గోల్డ్‌కి తరుగు కూడా వేసినట్టుంది! వీడేమో లక్ష డాలర్లంటున్నాడు.

సుందరరావు: లోపలికి వెళ్ళి చూడు, తర్వాత తిట్టు.

(ఆవిడ లోపలికి వెళ్ళింది. చాలాసేపు చప్పుడు లేదు. చప్పుడు లేకపోయేసరికి ఆయనకి టెన్షన్ పట్టుకుని వెనకే వెళ్ళాడు. ఆవిడ నేలమీద చతికిలబడి, చిన్నచిన్న టేకు ముక్కలు పొదిగిన గచ్చుని వేలితో రుద్దుతోంది.)

అన్నపూర్ణ: ఇది టేకు. సొరుగూ టేకే, తలుపూ టేకే. నలభై ఏళ్ళు దాటినా సొరుగు ఒక్క వేలితో వస్తోంది.

సుందరరావు: చెప్పానా!

అన్నపూర్ణ: మన ఇంటికి మీరేం చేశారు? వీధిలోకి కనబడే సింహద్వారం టేకు, లోపల అన్నీ ప్లైవుడ్డు. వానాకాలం వస్తే బాత్రూం తలుపు భుజంతో తొయ్యాలి. వీళ్ళు బయట ప్లాస్టిక్ పెట్టి లోపల టేకు పెట్టారు. వీళ్ళెవరో కాపురం చేసినవాళ్ళు.

సుందరరావు: ఇప్పుడు మలేసియాలో పసిర్ గుడాంగ్‌లో కడుతున్నారట. అక్కడికెళ్ళి మన బాత్రూం తలుపు ఒకటి...

అన్నపూర్ణ: ఉండండి, మాట్లాడకండి.

(బయటికొచ్చి, పక్కనుండే సన్నటి నడవలో వంగి, చేతి గాజుతో టేకు డెక్కు మీద తట్టడం మొదలెట్టింది. టక్. టక్. టక్. మెట్టు దగ్గర డబ్... డబ్.)

అన్నపూర్ణ: ఇక్కడ కుళ్ళింది.

సుందరరావు: ఇందాకే ప్లాస్టిక్ అన్నావు, ప్లాస్టిక్ కుళ్ళుతుందా?

అన్నపూర్ణ: పైన ఈ చెక్కని దేంతో బిగించారు? ఇదిగో, మరమేకులు. వాటిమీద చెక్క బిళ్ళలు మూతేశారు. ఇక్కడ రెండు బిళ్ళలు ఊడిపోయాయి. అంటే వాన నీళ్ళు మేకు పట్టుకుని తిన్నగా కిందికి పోతాయి. కింద ఏముంది?

సుందరరావు: రెండు ఫైబర్ పొరల మధ్య ఏదో కూరతారట...

అన్నపూర్ణ: అది నానిపోయింది.

(అప్పుడే సర్వేయరు చిన్న సుత్తితో పైకొచ్చాడు. వెనక కొడుకు. సర్వేయరు నడవ పొడుగునా తట్టుకుంటూ వచ్చి మెట్టు దగ్గర ఆగాడు. మళ్ళీ తట్టాడు. తల ఆడించి, జేబులోంచి సుద్దముక్క తీసి, సరిగ్గా ఆవిడ గాజు తట్టిన చోటే ఒక సున్నా చుట్టాడు.)

సుందరరావు: (గుసగుసగా) పూర్ణా! అదే చోటు!

అన్నపూర్ణ: ఈయనకెంత ఇస్తున్నాడు వీడు?

సుందరరావు: పడవ పొడుగు బట్టి. అడుగుకింతని.

అన్నపూర్ణ: నలభై రెండు అడుగులకా! నేను పొద్దున్నించీ కాఫీ అయినా లేకుండా చూసి పెట్టాను. సరే, వాణ్ణి పిలవండి. ఆ సున్నా చూపించి బేరం ఎలా ఆడాలో చెప్తాను.

సుందరరావు: కొనొద్దన్నావు కదే!

అన్నపూర్ణ: వద్దనే అన్నాను. ఆ ధరకి.